మూడు వానకాలాలు చూసిన తోలు ఒర

కరెంటు పనివాళ్లు పనిముట్లు పెట్టుకోవడానికి నడుము బెల్టుకు తగిలించుకునే ఈ తోలు ఒరను మెచ్చుకోవాల్సింది కటింగ్ ప్లేయర్ పెట్టే గూడు కోసమే. ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లేయర్ ఇందులో మూత, బటన్ ఏమీ లేకుండా నిలుస్తుంది. నిచ్చెన మీద ఒక చెయ్యి పట్టు వదలదు కాబట్టి తీయడం, పెట్టడం అంతా రెండో చేతితోనే, అదీ చూడకుండా అయిపోవాలి. అది ఇందులో అవుతుంది. హన్మకొండలో చేత్తో కుట్టించిన దీన్ని ఇళ్ల వైరింగుకు, పొలాల్లో మోటర్ల పనికి మూడు వానకాలాలు వాడాక రాస్తున్నాను.

ఆ పట్టంతా తోలు పదునులోనే ఉంది. తంగేడు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన 3 మిల్లీమీటర్ల తోలు తడిస్తే మెత్తబడి, ఆరేటప్పుడు ఉంచిన ఆకారంలోనే బిగుస్తుంది. కుట్టాక గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కవరు చుట్టిన ప్లేయర్‌ను లోపల దూర్చి, చెంచా వీపుతో చుట్టూ నొక్కి, నీడలో ఒక రోజు ఆరబెడతారు. క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పులతో పదును చేసింది, ఇట్లా ఆకారం పట్టదు. కుట్టించే ముందు కోసిన అంచు చూడండి, నీలిబూడిద రంగు కనిపిస్తే చాలామటుకు క్రోమే.

తెగింది మాత్రం బెల్టు పట్టీ దగ్గర. పట్టీని ఒరకు నాలుగు ఇనుప రివిట్లతో బిగించారు. నాటు వేసే రోజుల్లో స్టార్టర్ డబ్బాల దగ్గర పని అంటే బురద, వాన, చెమట. రెండో వానకాలంలో రివిట్ల చుట్టూ పావలా బిళ్లంత నల్లటి మచ్చలు వచ్చాయి. పైకి మరకే అనిపించింది గానీ లోపల తోలు పెళుసెక్కింది. తంగేడు చెక్కలోని వగరు, తడి, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు కషాయంతో నల్ల గీత వచ్చేదీ ఇట్లాగే. బట్టకు అది రంగు, బరువు మోసే తోలుకు మాత్రం చేటు. పై రెండు రివిట్లు తోలుతో సహా ఊడి, ఒర పక్కకు వేలాడింది. కుట్లు మాత్రం ఒక్కటీ పోలేదు. ఒకే దారాన్ని రెండు సూదులతో ఎదురెదురుగా లాగిన కుట్టు అది. మిషన్ కుట్టులా ఒక చోట తెగితే వరసంతా జారిపోదు.

బాగు చేయడం కష్టం కాదు. రివిట్ తలలను ఆకురాయితో అరగదీసి కొట్టేయాలి. నల్లబడ్డ తోలును మిగల్చకుండా కోసేయాలి, కొంచెం ఉంచినా మళ్లీ అక్కడే తెగుతుంది. వెనక 2 మిల్లీమీటర్ల తోలు అతుకు వేసి, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరెతో 4 మిల్లీమీటర్లకు ఒక రంధ్రం పెట్టి, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టాలి. రివిట్టే కావాలంటే రాగిది అడగండి. దానికి పచ్చటి చిలుము పడుతుంది గానీ తుడిస్తే పోతుంది.

పైన మెచ్చుకున్న పట్టు కూడా ఇప్పుడు అంత లేదు. మొదటి ఏడాది తలకిందులు చేసి ఊపినా ప్లేయర్ జారేది కాదు, ఇప్పుడు వంగి బోరు గుంతలోకి చూస్తే కొంత కిందికి దిగుతుంది. ఆముదం ఎక్కువ పట్టించడమే కారణం. నూనె తాగిన తోలు నీళ్లు పీల్చదు, అందుకే మళ్లీ నానబెట్టి నొక్కినా సగం బిగువే వచ్చింది. మూడు నెలలకు అర చెంచా, అదీ పైవైపు మాత్రమే చాలు. తడిసిన రోజు లోపల కాగితం కుక్కి ఫ్యాను కింద పెట్టండి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. టెస్టర్ గూటికి అడుగున రంధ్రం తప్పకుండా పెట్టించుకోండి, లేకపోతే బురదనీళ్లు నిలిచి మొన తుప్పు పడుతుంది.

తోలు కదా కరెంటు ఆపుతుందనుకోవద్దు, తడిస్తే అస్సలు ఆపదు.

ఇంటి లోపలి వైరింగు ఒక్కటే చేసేవాళ్లకు నైలాన్ సంచి చాలు, తేలిక కూడా. రోజంతా బండి మీద తిరిగేవాళ్లకు కూర్చున్నప్పుడు ప్లేయర్ పిడి నడుముకు గుచ్చుకుంటుంది, ఒరను కొంచెం వెనక్కి జరుపుకోవాల్సిందే. నిచ్చెన పని, పొలం పని ఎక్కువున్నందుకు నేనైతే మళ్లీ ఇదే కుట్టించుకుంటాను, ఇనుప రివిట్లు లేకుండా.