మొదటి తోడు ఎక్కడిది? కొత్త లాంగ్వేజ్‌కి తొలి కంపైలర్ రాయడానికి ఏ దారి మేలు?

మనం ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రాసిన దాన్ని (దాన్నే సోర్స్ అంటారు) మెషిన్ నడపగలిగే కోడ్‌లోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్. రస్ట్ అనే లాంగ్వేజ్ కంపైలర్‌ని రస్ట్‌లోనే రాశారు. గో అనే లాంగ్వేజ్ కంపైలర్ కూడా గోలోనే ఉంది. ఈ సంగతి మొదటిసారి తెలిసినవాళ్లకి వచ్చే అనుమానం ఒకటే: మరి ఆ మొట్టమొదటి కంపైలర్‌ని ఎవరు కంపైల్ చేశారు?

పెరుగు దగ్గరా ఇదే చిక్కు. పెరుగు కావాలంటే తోడుండాలి, తోడు కావాలంటే పెరుగుండాలి. ఇంట్లో చుక్క కూడా మిగలకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. పక్కింట్లోనూ లేకపోతే గోరువెచ్చని పాలలో మిరపకాయ తొడిమలు వేసి చూస్తాం. లాంగ్వేజ్‌లు పుట్టించినవాళ్లు కూడా దాదాపు ఇవే చేశారు.

తొలితరం లాంగ్వేజ్ ఫోర్‌ట్రాన్‌ది తొడిమల దారి. 1954లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం పని మొదలుపెట్టేనాటికి అప్పు అడగడానికి అలాంటి లాంగ్వేజే లేదు. ఐబీఎం 704 మెషిన్ కోసం కంపైలర్‌ని మెషిన్‌కి దగ్గరి భాషలోనే రాశారు. 1957 ఏప్రిల్‌లో గాని అది వాడేవాళ్ల చేతికి రాలేదు. కంపైలర్ ఇచ్చే కోడ్ చేత్తో రాసిన కోడ్ అంత వేగంగా నడవకపోతే ఎవరూ ముట్టుకోరన్న టెన్షన్ వాళ్లకి ఉండేది. అందుకే తొలి కంపైలర్‌లోనే ఆప్టిమైజేషన్ మీద, అంటే కోడ్‌ని వేగంగా నడిచేలా చేయడం మీద, అంత కష్టపడ్డారు. ఆ శ్రమంటే నాకు చాలా గౌరవం. కానీ ఈ రోజు ఎవరైనా ఆ దారిలో వెళ్తానంటే వద్దనే చెప్తాను.

లిస్ప్ అనే లాంగ్వేజ్ దీనికే ఒక దగ్గరిదారి కనిపెట్టింది. కంపైలర్ జోలికి పోకుండా, ముందు ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రామ్‌ని మెషిన్ కోడ్‌లోకి మార్చకుండా నేరుగా నడిపేది) ఒక్కటే చేత్తో రాసుకోవడం. లిస్ప్ సృష్టికర్త జాన్ మెకార్తీ కాగితం మీద రాసిన ఇవాల్ ఫంక్షన్‌ని (లిస్ప్ కోడ్‌ని నడిపే భాగం) స్టీవ్ రసెల్ 704 మెషిన్ కోడ్‌లోకి దించాడు. 1962లో ఎంఐటీలో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ లిస్ప్ కంపైలర్‌ని లిస్ప్‌లోనే రాసి, దాన్ని ఆ ఇంటర్‌ప్రెటర్ మీద నడిపి, దాని సోర్స్‌నే దానికిచ్చి కంపైల్ చేయించారు. లాంగ్వేజ్ చిన్నదైతే ఇంతకంటే హాయైన దారి నాకు తెలియదు.

పాస్కల్ కథ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ రెండు దారులూ తొక్కి చూశారు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్‌లో పాస్కల్ సృష్టికర్త నిక్లాస్ విర్త్ 1969లో మొదట పక్కింటికే వెళ్లాడు: కంపైలర్‌ని ఫోర్‌ట్రాన్‌లో రాయించాడు. అది కుదరలేదు. కంపైలర్‌కి కావాల్సిన పాయింటర్లు (మెమరీలో ఒక చోటుని చూపేవి), రికర్షన్ (ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) లాంటివి ఆనాటి ఫోర్‌ట్రాన్‌లో లేవు. రెండోసారి కంపైలర్ మొత్తాన్ని పాస్కల్‌లోనే రాశారు. దాన్ని నడపడానికి లోకంలో ఎక్కడా పాస్కల్ కంపైలర్ లేదు, అంటే ఒక్క లైన్ కూడా టెస్ట్ చేసే వీల్లేదు. బృందంలో ఒకరు రెండు వారాలు ఇంట్లోనే కూర్చుని ఆ ప్రోగ్రామ్ అంతటినీ చేత్తో ఒక కింది స్థాయి భాషలోకి అనువదించారు. తనే కంపైలర్ అయ్యారన్నమాట. 1970లో అది పని చేసింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఇందులో నాకు కనిపించే పాఠం వేరు: పక్కింటికి వెళ్లడంలో తప్పు లేదు, ఏ ఇంటి తలుపు తట్టామన్నదే ముఖ్యం.

రస్ట్ సరైన తలుపే తట్టింది. దాని సృష్టికర్త గ్రేడన్ హోర్ తొలి కంపైలర్‌ని ఓకామెల్ అనే లాంగ్వేజ్‌లో రాశాడు. కంపైలర్ ప్రోగ్రామ్‌ని చదివి చెట్టులా అమర్చుకునే సింటాక్స్ ట్రీలని విడదీసి చూడటానికి ఓకామెల్ ఇచ్చే ప్యాటర్న్ మ్యాచింగ్ (ఆకారాన్ని బట్టి పోల్చి చూసే సదుపాయం) చాలా అనువుగా ఉంటుంది. 2011కల్లా రస్ట్ తనను తానే కంపైల్ చేసుకుంది. గో ఇంకా నిదానించింది. చాలా ఏళ్లు సీ లాంగ్వేజ్‌లో రాసిన కంపైలర్‌తోనే నడిచి, 2015లో 1.5 వెర్షన్‌తో గోలోకి మారింది. అదీ మళ్లీ మొదటి నుంచి రాయలేదు. సీ కోడ్‌ని గోలోకి మార్చే టూల్ ఒకటి తయారు చేసుకున్నారు. దానివల్ల ఆ వెర్షన్‌లో బిల్డ్ సమయం దాదాపు రెట్టింపైంది, ఆ సంగతి రిలీజ్ నోట్స్‌లో వాళ్లే రాశారు.

నా ఓటు గో పద్ధతికే. నా కోసం నేనొక చిన్న లాంగ్వేజ్ రాసుకున్నప్పుడు, మూడో నెలలోనే కంపైలర్‌ని అందులోకి మార్చేశాను. ఆ తర్వాత సింటాక్స్‌లో, అంటే లాంగ్వేజ్ రాసే తీరులో, చిన్న మార్పు చేయాలన్నా నరకమే. కొత్త సింటాక్స్‌ని పాత సింటాక్స్‌తో అమలు చేసి, కంపైల్ చేసి, అప్పుడు కంపైలర్ సోర్స్‌ని కొత్త సింటాక్స్‌లోకి మార్చుకోవాలి. లాంగ్వేజ్ ఇంకా రూపం దిద్దుకుంటుంటే ఆ పని రోజూ ఉంటుంది. కంపైలర్ రాయడానికి అనువుగా ఉండి, అందరూ చేయబోయే పనులకి అనువు కాని లాంగ్వేజ్ తయారయ్యే ప్రమాదం కూడా ఉంది.

అయితే సొంత ఇంటికి మారాక పాత కంపైలర్‌ని పారేయకూడదు. ఎందుకో యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1983 ట్యూరింగ్ అవార్డు ప్రసంగం చదివితే తెలుస్తుంది. తోడు పుల్లగా ఉంటే పెరుగూ పులుస్తుంది. కంపైలర్ బైనరీలో (మెషిన్ నడిపే రూపంలో) ఒకసారి దొంగ కోడ్ చేరితే, అది తయారు చేసే ప్రతి కొత్త కంపైలర్‌లోకీ ఆ కోడ్‌ని దాటించగలదు, సోర్స్‌లో దాని జాడే ఉండదు. సోర్స్ ఎంత చదివినా దొరకదు.

రస్ట్‌కి ఈ ఇబ్బంది ఉంది. ప్రతి వెర్షన్‌నీ దాని ముందు వెర్షన్‌తో కట్టాలి కాబట్టి ఓకామెల్ దాకా వెనక్కి నడవాలంటే గొలుసు చాలా పొడవు. అందుకే బయటివాళ్లు సీ ప్లస్ ప్లస్‌లో ఎంరస్ట్‌సీ అనే ఇంకో కంపైలర్ రాయాల్సి వచ్చింది. గోలో ఆ మెట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సీ కంపైలర్ ఒక్కటి చేతిలో ఉంటే సీలో రాసిన గో 1.4 వెర్షన్ కట్టచ్చు, దానితో 1.17, దానితో 1.20, దానితో 1.22, దానితో 1.24. ఒక సాయంత్రం తీరిక చేసుకుని మీరే కట్టి చూడండి.