మేడగదిలో గూడ్సు బండి: ఎనిమిదేళ్లు నడిపిన తరువాత నా సమీక్ష

మిర్యాలగూడలోని మా ఇంటి మేడగదిలో 2017 జనవరి నుంచి హెచ్‌ఓ కొలతలో ఒక చిన్న నమూనా రైలు మార్గాన్ని నడుపుతున్నాను. హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. గది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటుంది. నాలుగు గోడల వెంబడి నడుము ఎత్తున ప్లైవుడ్ బల్ల వేసి, తలుపు దగ్గర ఎత్తి దించుకునే చిన్న వంతెన పెట్టి, ఒక ప్రధాన మార్గం, రెండు లూపులు (పక్కకు విడిపోయి మళ్లీ కలిసే దారులు), ఒక గూడ్స్ షెడ్డు, మొత్తం ఏడు పాయింట్లు (బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే చోట్లు) అమర్చాను. బండి ఒక చుట్టు తిరిగితే సుమారు 13 మీటర్లు నడిచినట్టు. ప్రయాణికుల బండి ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఒక డీజిల్ ఇంజిన్, పోయిన నెల దాకా 14 మూత వ్యాగన్లు, అంతే.

గూడ్సునే ఎంచుకోవడానికి కారణం మా ఊరే. బీబీనగర్ నుంచి నడికుడి వైపు వెళ్లే మార్గం మీద ఉన్న మాకు రైలంటే బియ్యం రేకు (వ్యాగన్లన్నీ కలిపిన పూర్తి గూడ్సు వరుస), విష్ణుపురం వైపు నుంచి వచ్చే సిమెంటు రేకు. ఇప్పుడు దామరచర్ల దగ్గర యాదాద్రి విద్యుత్ కేంద్రం వచ్చాక బొగ్గు రేకులూ తోడయ్యాయి. నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. బియ్యం ఎక్కే రోజున 42 మూత వ్యాగన్ల రేకును మొదటి నుంచి చివరి దాకా నడిచి లెక్కపెట్టడం నా పనిలో భాగం. అంత పొడవైన రేకు గదిలో పట్టదు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒక్కొక్కటి 10.7 మీటర్లు, 58 వ్యాగన్ల రేకును 87వ వంతుకు కుదించినా ఏడు మీటర్లు దాటుతుంది, అంటే నా మార్గంలో సగానికి పైగా అదే ఆక్రమిస్తుంది. అందుకే 14 వ్యాగన్లకు, రెండు మీటర్ల పైచిలుకు పొడవుకు పరిమితమయ్యాను. భారతీయ వ్యాగన్ల నమూనాలు ఈ కొలతలో సులభంగా దొరకవు కాబట్టి నావి అమెరికా పద్ధతి 40 అడుగుల మూత పెట్టెలు. ముదురు ఎరుపు రంగు వేసుకున్నాను.

నేను సమీక్షిస్తున్నది ఒక్క పెట్టెలో వచ్చిన సామాను గురించి కాదు, ఆ సామానుతో గూడ్సు బండిని ఏళ్ల తరబడి నడపడం గురించి. మొదట కొన్న సెట్టులో ఇంజిన్ బాగుంది, ఇప్పటికీ అదే లాగుతోంది. దానితో వచ్చిన ప్లాస్టిక్ చక్రాలు, పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కప్లింగులు, తేలికపాటి వ్యాగన్లు, పట్టాలకు కరెంటు ఇచ్చే రెండే రెండు వైర్లు, వీటిలో ఏదీ మొదట ఉన్నట్టుగా ఇప్పుడు లేదు. రెండో ఇంజిన్ కోసం దాచుకున్న 18,000 రూపాయలను వీటి మీద ఖర్చు పెట్టినప్పుడు ఇంట్లో వాళ్లకే కాదు, నాకూ మనసు ఒప్పలేదు. ఆ ఖర్చే నా గూడ్సు బండిని నిలబెట్టిందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

నా కొలబద్ద ఒక్కటే. ఆదివారం సాయంత్రం 14 వ్యాగన్లూ తగిలించి, చేయి వేయకుండా ఒక గంట నడపాలి. మొదటి ఏడాదిలో బండి పది నిమిషాలు నడిస్తే గొప్ప. నాలుగు పెట్టెలతో నడిపినప్పుడు కనిపించని ప్రతి లోపమూ 14 పెట్టెలు తగిలించగానే బయటపడేది, ఎందుకంటే గూడ్సులో ముందున్న వ్యాగన్ తన వెనకున్న అన్నిటి బరువునూ లాగుతూ వంపులు తిరగాలి.

అప్పుడే మిల్లు అలవాటు కొద్దీ ఒక పద్దు పుస్తకం తెరిచాను. పట్టాలు తప్పిన ప్రతిసారీ తేదీ, వ్యాగన్ సంఖ్య, చోటు, బండి ఎటు వెళుతోంది అన్నవి రాయడం మొదలుపెట్టాను. రెండు నెలలు గడిచేసరికి పుస్తకమే దారి చూపింది. ఒకే చోట వేర్వేరు వ్యాగన్లు పడుతుంటే దోషం పట్టాలో ఉంది. ఒకే వ్యాగన్ వేర్వేరు చోట్ల పడుతుంటే దోషం వ్యాగన్‌లో ఉంది. ఈ తేడా తెలియక ముందు నేను పట్టా దోషానికి చక్రాలను, చక్రాల దోషానికి పట్టాను సరిచేస్తూ ఎన్నో సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

తొమ్మిదో వ్యాగన్ సంగతి వివరంగా చెప్పాలి. అది పట్టాలు తప్పేది కాదు, మూడో పాయింటు దగ్గర విడిపోయేది. ఇంజిన్ ఎనిమిది పెట్టెలతో ముందుకు సాగిపోతే మిగిలిన ఆరు పెట్టెలు పాయింటు మీదే నిలిచిపోయేవి. పుస్తకంలో 17 విడిపోవడాలు నమోదైతే వాటిలో 11 ఈ ఒక్క పెట్టెవే. చివరికి ఒక రాత్రి గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును పట్టాల ఎత్తున పక్కన పెట్టి, ఆ వ్యాగన్‌ను వేలితో నెమ్మదిగా తోశాను. పాయింటులో రెండు దారుల పట్టాలు కలిసే క్రాసింగ్ ముక్కు దగ్గరకు రాగానే చిన్నగా ‘టిక్’ మంది. కప్లింగ్ కింద వంకరగా వేలాడే సన్నని ఉక్కు తీగ, అయస్కాంతంతో వ్యాగన్లను విడదీయడానికి పెట్టినది, పట్టా పైభాగం కంటే వెంట్రుకవాసి కిందికి దిగి క్రాసింగ్‌కు తగులుతోంది. తగిలిన ప్రతిసారీ కప్లింగ్ పైకి లేచి జారిపోతోంది. ఆ తీగను పట్టకారుతో పైకి వంచడానికి అర నిమిషం పట్టింది. ఆ తరువాత మొత్తం 28 కప్లింగులనూ కేడీ (Kadee) కంపెనీ లోహపు కప్లింగులుగా మార్చి, అదే కంపెనీ ఎత్తు కొలిచే సాధనంతో ఒక్కొక్కటీ సరిచూశాను. విడిపోవడం అన్నది ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు సార్లే.

చక్రాల విషయంలో నా అభిప్రాయం మరింత కచ్చితం. ప్లాస్టిక్ చక్రాలు మురికిని అతుక్కుని, దాన్ని మార్గమంతా పూసుకుంటూ తిరుగుతాయి. 14 వ్యాగన్లకు 56 ఇరుసులు. అన్నిటినీ లోహపు చక్రాలతో మార్చాను. బిగించే ముందు రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచాను. అది 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. కొత్తగా కొన్నవాటిలోనే ఐదు ఇరుసులు ఇరుకుగా ఉన్నాయి. అలాంటి ఇరుసు పాయింటు మీదకు వచ్చినప్పుడు చెక్ రైలును (చక్రం దారి తప్పకుండా పట్టా పక్కన వేసే అడ్డుపట్టాను) ఒరుసుకుని పైకెక్కుతుంది. ఇరుసును రెండు చేతులా పట్టి మెలితిప్పుతూ లాగితే చక్రం జరుగుతుంది. బిగించాక వ్యాగన్‌ను నూటికి రెండు వాలు మీద వదిలి చూస్తాను. దానంతట అది దొర్లిపోకపోతే ఆ పెట్టెను రేకులో కలపను.

బోగీల, అంటే పెట్టె కింద రెండు చివరలా చక్రాలను పట్టి ఉంచే చట్రాల, స్క్రూల గురించి ఒక చిన్న మాట. ఒక చివర స్క్రూ బోగీ పక్కలకు తిరిగేంత మాత్రమే వదులుగా ఉండాలి, రెండో చివర కొద్దిగా ఊగేంత వదులుగా ఉండాలి. రెండూ బిగిస్తే ఎగుడుదిగుడు పట్టా మీద ఒక చక్రం గాలిలో ఉంటుంది. రెండూ వదిలేస్తే పెట్టె ఒరుగుతుంది.

ఇక బరువు. అమెరికాలో 1935లో ఏర్పడిన ఎన్‌ఎంఆర్‌ఏ అనే నమూనా రైళ్ల సంఘం సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్ బరువు ఒక ఔన్సుకు తోడు పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు చొప్పున ఉండాలి. నా పెట్టెలు ఆరు అంగుళాలవి కాబట్టి నాలుగు ఔన్సులు, అంటే 113 గ్రాములు. డిజిటల్ త్రాసు మీద పెడితే 74 గ్రాములే తూగాయి. నాగార్జునసాగర్‌లో చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు కొని తెచ్చి, ప్రతి పెట్టె అడుగున రెండు బోగీల పైనా సమంగా పంచి అతికించాను. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, పిల్లలకు ఆ పని ఇవ్వకపోవడం తప్పనిసరి. బరువు సమానమయ్యాక వంపుల్లో పెట్టెలు లోపలివైపు ఒరిగి పడిపోవడం దాదాపు ఆగింది. అంతకు ముందు తేలిక పెట్టెలు ఇంజిన్ వెనకే ఉండి, బరువైనవి చివర ఉన్నప్పుడు, 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులో బండి బిగించిన దారంలా లోపలికి లాగబడేది. ఆ వంపులను తరువాత 22 అంగుళాలకు మార్చాను; వీలున్నవాళ్లు మొదటే ఆ కొలత వేసుకోవాలి.

బరువు పెంచితే ఇంజిన్‌కు భారం పెరుగుతుందన్నది నిజమే. 14 పెట్టెలు కలిపి కిలోన్నర దాటాయి. వంతెన ఎక్కడానికి మొదట నూటికి మూడు వాలు పెట్టాను. కొత్త బరువుతో చక్రాలు అక్కడే తిరుగుతూ జారిపోయాయి. పెట్టెలు తగ్గించడానికి మనసు రాక వాలునే పొడిగించి నూటికి రెండుకు దించాను. రెండు రోజుల వడ్రంగం పని. ఆ తరువాత ఇంజిన్ ఎప్పుడూ జారలేదు.

పట్టా లోపాన్ని పట్టిచ్చింది మాత్రం మా బావ. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ముప్పై ఏళ్లకు పైగా చేసి పదవీ విరమణ పొందాడు. తూర్పు వంపు దగ్గర పెట్టెలు ఎందుకు పడుతున్నాయో నాకు అంతుబట్టని రోజుల్లో ఇంటికి వచ్చి, గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, పట్టా వెంబడి చూశాడు. “ఈడ లోపలి పట్టా దిగింది బావా, జర ప్యాకింగ్ ఎయ్యి” అన్నాడు. నేను స్పిరిట్ లెవెల్ పెట్టి వెతికినా దొరకని పల్లం అది. పాత పెండ్లి పత్రిక ముక్క చించి రెండు స్లీపర్ల (పట్టాల కింది అడ్డపట్టీల) కిందికి తోశాడు. అసలు మార్గంలో కంకర కూరే పనిని ఆయన అట్టముక్కతో చేశాడు. ఆ చోట మళ్లీ ఒక్క పెట్టె పడలేదు. అప్పటి నుంచి నేనూ అలాగే గడ్డం ఆనించి చూస్తాను.

ఎండ గురించి కూడా అప్పుడే హెచ్చరించాడు, కానీ నాకు అనుభవమయ్యాకే తెలిసింది. జనవరి చలిలో మూడు నిడివి పట్టాలను సందు లేకుండా చేర్చి టంకం పెట్టాను. మే నెలలో ఈ రేకుల కప్పు గది కొలిమిలా కాగింది, వంపులో పట్టా స్లీపర్లతో సహా పక్కకు ఉబికింది. రెండున్నర మీటర్లకు పైగా ఉన్న పట్టా 30 డిగ్రీల తేడాకు మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. దానికి చోటు లేకపోతే ఉబకక తప్పదు. ఇప్పుడు ప్రతి రెండో అతుకు దగ్గర విజిటింగ్ కార్డు మందం సందు వదిలి, టంకం లేకుండా ఉంచాను.

అతుకులు వదులైతే కరెంటు వాటి మీద ఆధారపడకూడదు. నేను వాడేది డీసీసీ పద్ధతి, అంటే పట్టాల్లోని కరెంటుతోనే ఇంజిన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపడం. ఇంజిన్ దూరపు మూలకు వెళ్లగానే నెమ్మదించేది. బల్ల కింద ఇళ్ల వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును చుట్టూ లాగి, దాని నుంచి మీటరుకు ఒక చోట పట్టాలకు సన్నని వైర్లు టంకం పెట్టాను. సాధారణ మల్టీమీటరు డీసీసీ తరంగాన్ని కచ్చితంగా చూపదు, అయినా రెండు చోట్ల మధ్య తేడా తెలుసుకోవడానికి సరిపోతుంది. ఇంకా తేలికైన పరీక్ష రూపాయి బిళ్ల. మార్గం వెంబడి ఒక్కో చోట రెండు పట్టాల మీదా బిళ్ల ఆనిస్తే షార్టై వెంటనే కరెంటు తెగిపోవాలి. తెగని చోట వైరు చాలలేదని అర్థం. ఇంజిన్ లోపల ఆ ఆదేశాలను అందుకునే డీకోడర్‌లో, వేగం ఎంత నెమ్మదిగా పెరగాలో చెప్పే మూడో సీవీ అనే అమరికను 20కి పెట్టాను. ఆగి ఉన్న ఇంజిన్ పూర్తి వేగం అందుకోవడానికి సుమారు 18 సెకన్లు పడుతుంది కాబట్టి కప్లింగులు ఒక్కొక్కటిగా బిగుసుకుంటాయి, బండి నిజంగా బరువు లాగుతున్నట్టు కదులుతుంది.

మా ఊరికే ప్రత్యేకమైన ఇబ్బంది ఊక బూడిద. మిల్లుల బాయిలర్ల నుంచి లేచే ఈ నల్లటి పొడి కిటికీ మూసినా లోపలికి చేరుతుంది. ఇందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతిది, కాబట్టి పళ్ల చక్రాలను అరగదీస్తుంది. ఇంజిన్‌కు నూనె ఎక్కువ వేస్తే మేలనుకుని మొదట్లో ధారాళంగా వేశాను. నూనె, బూడిద కలిసి నల్లటి ముద్దయి ఒక ఇరుసు పళ్ల చక్రం అరిగిపోయింది. ఇప్పుడు ఆరు నెలలకు ఒకసారి, సూది మొనతో ఒక్కో చుక్క. పట్టాలను మొదట మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, తరువాత పెయింట్ల దుకాణంలో అమ్మే ఎంటీఓతో (మినరల్ టర్పెంటైన్ నూనెతో) పాత ధోవతి గుడ్డ పెట్టి తుడుస్తాను. ఆల్కహాల్ మాత్రమే వాడిన రోజుల్లో నాలుగు రోజులకే నలుపు తిరిగి వచ్చేది. రెండూ వాడాక మూడు వారాలు ఆగుతోంది. రెండూ మంటకు అంటుకునేవే, అందుకే కరెంటు తీసేసి, తలుపులు తెరిచి మాత్రమే చేస్తాను. గరుకు కాగితంతో రుద్దడం ఒక్కసారి చేసి విరమించుకున్నాను, గీతల్లో మురికి ఇంకా త్వరగా నిలిచింది. నడపని రోజుల్లో బల్ల మీద పాత చీరలు కప్పుతాము. అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా పనికొచ్చిన ఏర్పాటు అదే.

తలుపు దగ్గరి వంతెన ఒక్కటే నాకు ఇంకా తృప్తి కలిగించలేదు. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బి, వంతెన చివర పట్టా అర మిల్లీమీటరు పైకి లేస్తుంది. ఇత్తడి గడియలు బిగించాక కొంత మెరుగైంది. పోయిన నెల రెండు పెట్టెలు చేర్చి 16 వ్యాగన్లతో గంట పరీక్ష పెట్టాను. 47వ నిమిషంలో వంతెన దిగే చోట 15వ పెట్టె వెనక బోగీ పట్టా తప్పింది. పుస్తకంలో ఆ చోట అది నాలుగో నమోదు, నాలుగూ వేర్వేరు పెట్టెలవి. ఈ ఆదివారం ఆ చివరన ప్లైవుడ్ తీసేసి అల్యూమినియం చానెల్ వేస్తున్నాను.