బ్లాగుతో డబ్బులొస్తాయా అని అడిగేవాళ్ళకి, పదేళ్ళు నడిపాక నా లెక్క

"అన్నా, బ్లాగు రాస్తే నెలకి ఎంతొస్తుంది?" అని మా షాపుకి వచ్చే కుర్రాళ్ళు వారానికొకరైనా అడుగుతారు. వీడియోలో ఎవరో నెలకి లక్ష అని చెప్పుంటారు, వీళ్ళేమో నా పాత కుర్చీ, నా చిరిగిన మౌస్ ప్యాడ్ చూసి లోపల్లోపల నవ్వుకుంటూ అడుగుతారు. ప్రతివాడికీ విడిగా చెప్పే ఓపిక లేక ఒకసారి ఇక్కడ మొత్తం రాసేస్తున్నాను.

నాది తిరుపతి, గాంధీ రోడ్డు పక్క సందులో డీటీపీ పని. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు పుస్తకాలు. పగలంతా అచ్చుకి వాడే ‘అను’ ఫాంట్లలో కొట్టేవాణ్ణి, రాత్రి ఇంటికెళ్ళి లేఖిని అనే వెబ్‌సైటులో, నెట్‌లో ఎక్కడైనా కనబడే యూనికోడ్ తెలుగు టైపు చేసుకుంటూ 2015లో బ్లాగర్‌లో ఉచితంగా ఒక బ్లాగు తెరిచాను. అందులో ఉండేది గొప్ప సాహిత్యమేం కాదు. తిరుమల కొండకి అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఏ దారిన తీసుకెళ్ళాలి, తలకోనకి ఏ బస్సు, గుడిమల్లం శివాలయానికి వెళ్ళడానికి ఏర్పేడులో దిగాక ఏం చేయాలి, చంద్రగిరి కోట, కాణిపాకం, ఇలాంటివి.

కిందటి ఆర్థిక సంవత్సరంలో అన్ని దారులూ కలిపి లక్షన్నరకి నాలుగొందలు తక్కువ వచ్చింది. సంవత్సరానికి, నెలకి కాదు. అందులో గూగుల్ ప్రకటనల వాటా పదిహేను వేలు.

యాడ్‌సెన్స్, అంటే మన పేజీల్లో గూగుల్ వేసే ప్రకటనల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ బ్లాగు ఆదాయం అంటే అదొక్కటే అనుకుంటారు. 2018 వరకూ యాడ్‌సెన్స్ తీసుకునే భాషల జాబితాలో తెలుగు లేదు, కాబట్టి మొదటి మూడేళ్ళు నేను పైసా రాకుండానే రాశాను, ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదైంది, అప్పుడు రాసిన పేజీలే ఇప్పటికీ జనాన్ని తెస్తున్నాయి. తెలుగు వచ్చాక పెట్టుకున్నాను. పది డాలర్లు కూడగానే పిన్ నంబరుతో ఒక ఉత్తరం పోస్టులో ఇంటికి పంపుతారు, అది నమోదు చేస్తేనే చిరునామా ఖాయం. నేను దరఖాస్తులో బైరాగిపట్టెడ అద్దె ఇంటి చిరునామా ఇచ్చి, ఆ తర్వాత ఇల్లు మారి, మార్చిన సంగతి వాళ్ళకి చెప్పనే లేదు. నెలన్నర ఎదురుచూసి చివరికి పాత ఇంటికెళ్తే, ఓనరమ్మ ఆ కవరుని కరెంటు బిల్లులతో కలిపి గోడ మేకుకి గుచ్చిపెట్టింది. పిన్ నంబరు మీద సరిగ్గా మేకు రంధ్రం. ఒక అంకె మూడా ఎనిమిదా అని రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

ఆ తర్వాత వంద డాలర్లు నిండితే గానీ డబ్బు బ్యాంకుకి రాదు. నాకు మొదటి వంద నిండడానికి పదకొండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి వస్తుంది, వంద నిండిన మరుసటి నెలలో 21కీ 26కీ మధ్య పంపుతారు. డాలర్లు రాగానే బ్యాంకు నుంచి ఫోన్, ఈ డబ్బు దేనికని. ప్రకటనల ఆదాయం అని చెప్పి పర్పస్ కోడ్ పి1007 రాయించాలి, మొదటిసారి ఇది తెలియక నేను "పుస్తకాలు రాస్తాను సార్" అని చెప్పి వాళ్ళని ఇంకా గందరగోళంలో పడేశాను. 2024 నుంచి ప్రకటన నొక్కినదానికి కాకుండా అది కనిపించినదానికి లెక్క కడుతున్నారు. నా తెలుగు పేజీ వెయ్యిసార్లు చూస్తే ముప్పై రూపాయలు వస్తే గొప్ప, అదే విషయం ఇంగ్లీషులో రాసిన రెండు పేజీలకి దానికి మూడు నాలుగు రెట్లు వస్తుంది. దసరా, దీపావళి రోజుల్లో రేటు కాస్త లేస్తుంది, జనవరిలో పడిపోతుంది. వైకుంఠ ఏకాదశికి నా బ్లాగుకి జనం తండోపతండాలుగా వస్తారు కానీ ఆ రోజుల్లో ప్రకటనల రేటు దసరా, దీపావళికి ఉన్నట్టు ఉండదు, కాబట్టి రద్దీ చూసి సంబరపడి లాభం లేదు.

మా అక్క కొడుకు మామయ్యకి సాయం చేద్దామని హాస్టల్లో స్నేహితులందరితో ప్రకటనలు నొక్కించాడు ఒకసారి. ఒక్క రాత్రిలో నాలుగు డాలర్లు. నేను పొద్దున లేచి చూసి మా ఆవిడకి కాఫీ నేనే పెట్టిచ్చాను ఆ సంతోషంలో. నెలాఖరుకి దొంగ క్లిక్కుల కింద ఆ నాలుగూ కోసేశారు. న్యాయమే, ఖాతా పోకపోవడమే అదృష్టం. మీ ఇంట్లోవాళ్ళకి ముందే గట్టిగా చెప్పండి.

అమెజాన్ లింకులు పెట్టి కమిషన్ తీసుకోవడం, నా వరకూ, దండగ. మెట్లెక్కేవాళ్ళకి ట్రెక్కింగ్ షూలు అని వ్యాసం రాశాను. మెట్లెక్కేవాళ్ళు చెప్పులు విడిచి ఎక్కుతారు, ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తట్టలేదు. లింకు నొక్కిన ఇరవై నాలుగు గంటల్లోపు కొంటేనే మనకి కమిషన్, మన వాళ్ళు ఫోన్లో చూసి, ఇంట్లో చర్చించి, చివరికి బజారుకెళ్ళి కొంటారు. అయితే షూ లింకు నొక్కి ఎవరో ప్రెషర్ కుక్కర్ కొన్నారు, దాని కమిషన్ మాత్రం వచ్చింది. ఏడాదికి రెండు వేల ఆరొందలు.

డబ్బిచ్చి రాయించుకునే పోస్టుల గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ చేయి ఆడదు. రోజూ మెయిళ్ళు వస్తాయి, మీ బ్లాగులో మా లింకు పెట్టండి, నాలుగు వేలిస్తాం అని. రమ్మీ వాళ్ళు వచ్చారు, వద్దన్నాను, 2020లో ఆంధ్రలో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాక ఆ మెయిళ్ళు తగ్గాయి. కానీ ఒక లోన్ యాప్ లింకుకి మాత్రం సరే అన్నాను. షాపు అద్దె రెండు నెలలు బాకీ ఉన్న సమయం. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. నాలుగు నెలల తర్వాత పీలేరు నుంచి ఒకతను రాశాడు, అందులో తొమ్మిది వేలు తీసుకున్నాడట, కట్టడం ఆలస్యమైతే అతని ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేశారట, వాళ్ళ చెల్లెలి అత్తగారింటికి కూడా. తిట్టలేదు. "మీ కాణిపాకం పోస్టు చూసే మేం గుడికి పోయినాం సార్, అందుకే ఇది కూడా నమ్మినాను" అని రాశాడు, అంతే. ఆ పోస్టు తీసేశాను, అతనికి ఏం జవాబు రాయాలో తెలియక రెండు రోజులు తిరిగాను.

ఇప్పుడు డబ్బిచ్చే పోస్టు ఏదైనా సరే మొదటి వాక్యంలోనే ప్రకటన అని రాస్తాను. ప్రకటనల ప్రమాణాలు చూసే ఆస్కీ 2021లో ఈ నియమం పెట్టింది, డబ్బు కాకుండా వస్తువో ఉచిత బసో తీసుకున్నా చెప్పాల్సిందే. లింకుకి స్పాన్సర్డ్ అనే గుర్తు కూడా పెడతాను, 2019 నుంచి గూగుల్ అడుగుతున్నది అది. ఈ రెండూ పెడతానంటే పదిమందిలో తొమ్మిదిమంది మళ్ళీ కనబడరు. దర్శనం టికెట్లు ఇప్పిస్తామనే ప్యాకేజీల వాళ్ళని అసలు లోపలికే రానివ్వను, దళారులను నమ్మొద్దని టీటీడీ మొత్తుకుంటూనే ఉంటే నేను వాళ్ళ నంబరు వేయడమా.

ఇక నాకు బాగా నచ్చిన దారి, ఊరి ప్రకటనలు. దీనికి ఏ నెట్‌వర్కూ అక్కర్లేదు, మొహమాటం వదులుకుంటే చాలు. అలిపిరి దగ్గర ఒక టాక్సీ డ్రైవరున్నాడు, కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు దగ్గర బంగారు గుడి తిప్పుతాడు. ఒకసారి మా బంధువులని తీసుకెళ్ళి, మధ్యలో పెద్దావిడకి కళ్ళు తిరిగితే మజ్జిగ తాగించి, దానికి లెక్క అడగకుండా తెచ్చి దింపాడు. అతని నంబరు కాణిపాకం పేజీలో ఊరికే వేశాను. మూడు నెలలకి వాడే షాపు వెతుక్కుంటూ వచ్చాడు. "అదేం బ్లాగో నాకు తెలీదు సార్, ఫోన్లు మాత్రం వస్తా ఉండాయి, బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి" అని ఐదొందలు టేబుల్ మీద పెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ డబ్బు గూగుల్ దగ్గర లేదు, ఇక్కడే ఉంది అని. ఇప్పుడు నెలకి ఐదొందలు చొప్పున అతను, ఒక టిఫిన్ హోటలు, శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు వేసే ఒకావిడ, ఒక చిన్న లాడ్జి, అప్పుడప్పుడు ఇంకొకరో ఇద్దరో. ట్రిప్పుకింత అని కమిషన్ పెట్టొచ్చుగా అని చాలామంది అన్నారు, పెట్టలేదు, పెడితే ఆ భారం చివరికి యాత్రికుడి మీదే పడుతుంది, పైగా ఎన్ని ట్రిప్పులో నేనెక్కడ లెక్కపెడతాను. ఇబ్బంది లేదని కాదు, వసూలు చేయడం పెద్ద పని. టిఫిన్ హోటలాయన ప్రతిసారీ "వచ్చే వారం" అంటాడు, పులిబొంగరాలు పెట్టి పంపిస్తాడు, ఆయన దగ్గర రావలసిన దానిలో సగం నేను కారం చట్నీతో తినేశాను. ఐనా ఏడాదికి ఇరవై ఏడు వేలు చేతికొచ్చింది.

యూపీఐ సంగతి. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడినప్పుడు, నచ్చితే ఏదైనా పంపండి అని క్యూఆర్ కోడ్ పెట్టాను. నెల రోజులు ఒక్క రూపాయి రాలేదు. మా ఆవిడే చెప్పింది, "ఫోన్లో చదివేవాళ్ళు అదే ఫోన్‌తో ఎలా స్కాన్ చేస్తారండీ?" అని. నిజమే కదా. యూపీఐ ఐడీని అక్షరాల్లో, కాపీ చేసుకునేలా పెట్టాక రావడం మొదలైంది. మన వాళ్ళు యాభై, వంద అని పంపరు. యాభై ఒకటి, నూట పదహారు, ఒకాయన వాళ్ళమ్మ డెబ్భై రెండేళ్ళ వయసులో శ్రీవారి మెట్టు ఎక్కిందని వెయ్యి నూట పదహార్లు పంపి, ఆవిడ ఎక్కడెక్కడ ఆగిందో పెద్ద మెసేజ్ రాశాడు. ఆ వివరాలతో పేజీ సరిదిద్దాను. ఏడాదికి ఎనిమిది వేలు, తక్కువే, కానీ ఏ పేజీ నిజంగా పనికొస్తోందో దీని వల్లే తెలుస్తుంది.

బుక్‌లెట్ ఒకటి వేశాను, తిరుపతి చుట్టూ ఒక్క రోజులో వెళ్ళొచ్చే చోట్లు. మొదట పీడీఎఫ్, నలభై తొమ్మిది రూపాయలు. పదకొండు మంది కొన్నారు. పన్నెండో రోజున మా పెద్దమ్మ వాట్సాప్‌లో నాకే ఆ పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసి "మనూరి గురించి ఎవరో బాగా రాసినారు, చదువు నాయనా" అంది. అచ్చు వేసింది నయం. డీటీపీ, ప్రూఫు నావే, కాగితం ఖర్చూ బైండింగూ తప్ప పోయేదేం లేదు, బస్టాండు దగ్గర పుస్తకాల కొట్లో పెడితే ఖర్చులు పోను తొమ్మిది వేలు మిగిలింది. బస్సు వేళలు మాత్రం పుస్తకంలో వేయకండి, ఆర్నెల్లకి పాతబడతాయి, నేను వంద కాపీల్లో పెన్నుతో దిద్దాను.

మిగిలిన ఎనభై ఎనిమిది వేలు బ్లాగులో నుంచి వచ్చింది కాదు, బ్లాగు చూసి వచ్చింది. అనువాదం, ప్రూఫు, యాప్‌లకి తెలుగు రాసిపెట్టడం. పదానికి రూపాయి. ఈ పని ఇచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా నా బయోడేటా అడగలేదు, పాత పోస్టులు చదివి నేరుగా ఫోన్ చేశారు. వీళ్ళు టీడీఎస్, అంటే పన్ను ముందే పట్టుకుని ఇస్తారు, రెండేళ్ళు అది పోయిన డబ్బే అనుకున్నాను, మా వీధి ఆడిటరు నా పేరు మీద జమైన పన్ను చూపే 26ఏఎస్ కాగితం తీసి చూపించి రిటర్ను వేయిస్తే వెనక్కొచ్చింది.

ఖర్చంటారా, సొంత డొమైన్‌కి ఏడాదికి వెయ్యి లోపు, బ్లాగర్ ఉచితం. మొదటి రోజే హోస్టింగ్, థీమ్, కోర్సు అంటూ పదివేలు పెట్టకండి, ఆ కోర్సు అమ్మేవాడికి వచ్చేంత మీకు మూడేళ్ళ దాకా రాదు. టైమంటారా, వారానికి పది గంటలు, ఆదివారం బస్సు తిరుగుళ్ళు కాక. సెర్చ్‌లో పైనే ఏఐ జవాబిచ్చేయడం మొదలయ్యాక నా బస్సుల పేజీలకి వచ్చేవాళ్ళు దాదాపు సగం తగ్గారు, మెట్ల పేజీలకి, గుడిమల్లం పేజీకి మాత్రం తగ్గలేదు. కాబట్టి ప్రకటనల లెక్క వచ్చే ఏడాది పదిహేను వేలు కూడా ఉండకపోవచ్చు.

డొమైన్ గడువు వచ్చే నెల ఐదు. రెండేళ్ళకి కట్టేశాను. టాక్సీ డ్రైవరు కొత్త బండి కొన్నాడు, ఫొటో మార్చమంటున్నాడు, అది ఈ ఆదివారం చూడాలి.