సిమెంటు వాకిలికి తాండూరు బండలు: హనుమకొండలో మేము చేయించిన పని

హనుమకొండలో మా ఇంటి ముందు 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న వాకిలి ఉంది. ఇల్లు కట్టిన నాడు పోసిన కాంక్రీటు గచ్చే పన్నెండేళ్లు అలాగే ఉండిపోయింది. వానాకాలంలో నాచు పట్టి నల్లబడేది, ఎండాకాలంలో ఊడ్చిన ప్రతిసారీ బూడిదలాంటి పొడి లేచేది, తులసికోట మొదలు నుంచి గేటు దాకా సన్నటి పగులు ఒకటి పాకింది. పోయిన వేసవిలో ఆ గచ్చు మీద తాండూరు నీలి బండలు వేయించాము. బండలు అమ్మిన దుకాణం వారే పరిచే పనినీ ఒప్పుకొన్నారు. ఒక వానాకాలం, ఒక బతుకమ్మ పండుగ ఆ బండల మీదుగా గడిచాయి కాబట్టి ఇప్పుడు వాటి గురించి నమ్మకంగా రాయగలుగుతున్నాను.

అంతకు రెండేళ్ల ముందు ఇదే వాకిలికి నేల రంగు వేయించి నష్టపోయాము. కాంక్రీటు పోసినప్పుడు పైకి తేలిన సిమెంటు పాలు గట్టిపడి ఒక బలహీనమైన పొరగా నిలుస్తాయి. దానిని గీకి తీయకుండా రంగు వేస్తే, రంగు పట్టుకొనేది కాంక్రీటును కాదు, ఆ పొరను. దానికి తోడు నేలలోని చెమ్మ కింది నుంచి పైకి వస్తుంది. మొదటి వానాకాలం ముగిసేసరికి మా రంగు అప్పడాల్లా లేచిపోయింది. ఇంటర్‌లాకింగ్ ఇటుకల గురించి కూడా ఆలోచించాము గాని, 60 మిల్లీమీటర్ల ఇటుక, దాని కింద ఇసుక కలిపితే వాకిలి ఎత్తు మా గడపను దాటిపోతుందని తేలి వదిలేశాము. బండ, దాని కింద వేసే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలిపి రెండు అంగుళాల్లో ముగిశాయి.

తాండూరు వికారాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి బండ సున్నపురాయి. గనిలో పొరలు పొరలుగా విడివడుతుంది కనుక దాని ముఖం సహజంగానే కొద్దిపాటి ఎగుడుదిగుడుతో వస్తుంది. నీలి బండ అంటారు గాని ఎండినప్పుడు అది బూడిదరంగే. దుకాణం ఆవరణలో ఒక బండ మీద చెంబెడు నీళ్లు పోయించి చూశాము. నీళ్లు పారిన మేర మబ్బు పట్టిన ఆకాశంలా ముదురు నీలం తేలింది, పక్కన పొడిగా ఉన్న సగం మాత్రం పాతబడిన పలకలా ఉండిపోయింది. రోజూ పొద్దున సాన్పి చల్లే ఇంటికి ఈ రాయి తగినదని నాకు ఆ క్షణంలోనే అనిపించింది.

దుకాణం వారిలో నాకు నచ్చింది కొలతల దగ్గరి నిజాయితీ. రెండుకు రెండు అడుగుల బండ అని పిలిచినా అది వచ్చేది 22 అంగుళాల కొలతలోనేనని వారే ముందు చెప్పి, టేపు పెట్టి చూపించారు. 252 చదరపు అడుగులకు 63 బండలు సరిపోతాయని నేను వేసుకొన్న లెక్క తప్పని, 75 కావాలని, కోతకూ పగుళ్లకూ కలిపి 82 తీసుకొమ్మని చెప్పారు. చివరికి నాలుగే మిగిలాయి. అయితే పాలిష్ బండలే తీసుకొమ్మని మాత్రం చాలా ఒత్తిడి చేశారు. వేయిస్తంభాల గుడి ముందు నల్లరాతి నంది నునుపును చూస్తూ పెరిగిన ఊరు మాది, రాయి అంటే మెరవాలని అందరికీ ఉంటుంది. కానీ వాన పడే వాకిట్లో నున్నటి రాయి పెద్దవాళ్లను కింద పడేస్తుంది. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. పాలిష్ లేని బండలే తీసుకొన్నాము.

పని మొదలైన రోజున కూలీలు గచ్చును ఊడ్చి, నేరుగా మాలు పోయబోయారు. పాత రంగు ఇంకా అక్కడక్కడా అంటుకొనే ఉంది. దాని మీద మాలు పట్టదని నేను అడ్డుపడితే, దుకాణం మనిషి ఏమీ కాదన్నాడు. వారితో వచ్చిన పెద్ద సుతారి (మేస్త్రీ) మాత్రం ఉలితో ఒక చోట కొట్టి, రంగు పెచ్చు ఊడి చేతికి రాగానే, పని ఆపించాడు. ఆ తరువాత రెండు రోజుల పాటు గచ్చంతా గాట్లు పెట్టారు. దుమ్ము కడిగి, రాత్రంతా తడిపి ఉంచి, మూడోనాడు నీళ్లలో కలిపిన సిమెంటు పూసి, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ల మాలు వేసి బండలు దించారు. ఒక్కో బండను చెక్క సుత్తితో మూలల్లోనూ మధ్యలోనూ కొట్టి, చెవి వంచి శబ్దం వినడం అతని అలవాటు.

వాకిలి అందం ఈ పనిలో దేని మీద ఆధారపడిందని ఎవరైనా అడిగితే నేను వాటం, అంటే నీళ్లు పారే వాలు, అనే చెబుతాను. మా పాత గచ్చు మీద నాచు పట్టింది కాంక్రీటు వల్ల కాదు, గడప దగ్గర ఆగిన నీళ్ల వల్ల. సుతారి లెవల్ పైపు పట్టి చూసి, గడప నుంచి గేటు వరకు 14 అడుగులకు అంగుళం ముప్పావు వాలు ఇచ్చాడు. పాత పగులును శుభ్రం చేసి నింపాక, అది ఏ బండ నడుమనా రాకుండా సందు కిందికి వచ్చేలా వరుసలు సర్దాడు. గోడ వెంట అరంగుళం ఖాళీ వదిలి, ఎండకు రాయి సాగే చోటు ఉంచాడు.

అతను సందులు నింపుతుండగా అమ్మ వచ్చి అడిగింది: "కొడుకా, దీని మీద ముగ్గు నిలుస్తదా?" "నిలుస్తదమ్మా, నున్నబండ మీదనే నిలువది" అన్నాడు. అతను చెప్పినట్టే, గరుకు రాయి ముగ్గుపిండిని పట్టి ఉంచుతోంది. ఉదయం వేసిన గీత సాయంత్రం దాకా చెదరడం లేదు. బతుకమ్మ నాడు ఆడవాళ్లు ఒట్టి కాళ్లతో చుట్టూ తిరిగి ఆడారు, ఎవరి కాలూ జారలేదు.

తప్పులు కూడా చెప్పాలి. పని అయిన వారానికి నేను రూపాయి బిళ్లతో బండలన్నీ కొట్టి చూస్తే, గేటు దగ్గర మూడు డొల్ల శబ్దం ఇచ్చాయి. సుతారి రాని రోజున వేసినవి అవి. వాటిని లేపి మళ్లీ వేశారు. అంతకన్నా బాధ కలిగించింది చివరి రోజు జరిగింది. సిమెంటు మరకలు పోవడానికి ఒక కుర్రవాడు బాత్రూం యాసిడ్ తెచ్చి చల్లాడు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగ లేచి పైపొర కరిగిపోతుంది. నేను పరుగున వచ్చి నీళ్లు కుమ్మరించేలోపే రెండు బండలు తెల్లగా పాలిపోయాయి. రాయి అమ్మేవారి దగ్గర పనిచేసే మనిషికి ఆ రాయికి ఏది పడదో తెలియకపోవడాన్ని నేను క్షమించలేకపోయాను. దుకాణం వారు మారు మాట్లాడకుండా ఆ రెండింటినీ ఉచితంగా మార్చారు గాని, కొత్తవి వేరే లోడులోవి. ఎండలో వాటి రంగు తేడాగా కనిపిస్తుంది. మిగిలిన నాలుగు బండల్లోంచి మార్చమని ఆ రోజు నాకు తోచలేదు. చింతపండు పులుసు, నిమ్మరసం కూడా ఈ రాయికి మచ్చ చేస్తాయి కనుక వాకిట్లో భోజనాలు పెట్టేవారు వెంటనే కడుక్కోవాలి.

వేడి సంగతి. మే నెల మధ్యాహ్నం ఈ బండల మీద చెప్పులు లేకుండా నిలబడలేము. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు చల్లితే అరగంటలో కూర్చోవడానికి వీలవుతుంది. ముందున్న కాంక్రీటు కన్నా ఇది చల్లగా ఉంటుందని నేను చెప్పను.

ఖర్చులో బండల ధర కన్నా గాట్లు పెట్టడం, ఇసుక, కూలి కలిపినదే ఎక్కువ అయింది. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి గాట్ల పనిని వదిలేసిన ఇల్లు మా వీధిలోనే ఒకటి ఉంది, అక్కడ ఏడాది తిరగకుండానే బండలు కదులుతున్నాయి. వచ్చే వేసవిలో మా మేడమెట్లకు కూడా ఇదే బండ వేయించాలనుకొంటున్నాము. పని అదే దుకాణానికి ఇస్తాము, కానీ పెద్ద సుతారి ఉన్న రోజుల్లోనే బండలు దించాలని, ఆవరణలోకి యాసిడ్ సీసా రాకూడదని ముందే కాగితం మీద రాయించుకొంటాము.