మాక్రో లెన్సు పక్కనున్న ఆ చిన్న స్విచ్చు: చాలాకాలం వాడాక నా సమీక్ష

100 ఎం.ఎం. మాక్రో లెన్సుల (చిన్నవాటిని అతి దగ్గర నుంచి తీసే లెన్సులు) గురించి రాయాల్సినవన్నీ జనం ఇప్పటికే రాసేశారు. షార్ప్‌నెస్, బోకే (వెనకాల కమ్ముకునే మసక), బరువు, ధర, వీటిలో నేను కొత్తగా కలిపేది ఏమీ లేదు. నేను రాసేది ఒక్క స్విచ్చు గురించి. లెన్సుకి ఎడమ పక్కన, బొటనవేలికి అందేలా ఉంటుంది. ఫోకస్ లిమిటర్ అంటారు. అన్‌బాక్సింగ్ వీడియోల్లో దాన్ని అర సెకను చూపించి వదిలేస్తారు. నాకు ఈ లెన్సు మీద ప్రేమ పుట్టింది దానివల్లే. ఒక ప్రయాణం పొడుగునా నా చేత పళ్లు నూరించిందీ అదే. ఏ కంపెనీదో రాయడం లేదు. ఈ తరగతి లెన్సుల్లో చాలావాటికి ఇది ఉంటుంది, నాకు జరిగింది ఎవరి లెన్సుకైనా జరగొచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాక్రో లెన్సు జానెడు దూరంలో ఉన్న కేసరం నుంచి సముద్రం అంచున కనిపించే ఓడ దాకా అన్నింటినీ పట్టుకోవాలి. పువ్వు గాలికి కాస్త ఊగి ఫోకస్ తప్పిందంటే, తాళంచెవి చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషిలా అది ఆ చివరిదాకా వెళ్లి మళ్లీ ఈ చివరికి వస్తుంది. ఈలోగా స్క్రీన్ అంతా మసక, తుమ్మెద ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. దీన్నే హంటింగ్ అంటారు. స్విచ్చుని 0.3–0.5 మీటర్ల మీద పెడితే అర మీటరు దాటి వెతకదు. రెండో వైపు పెడితే అర మీటరు కంటే దగ్గరికి రాదు. ఇంకో గుర్తు ఫుల్, అంటే మొత్తం. ఇంతే సంగతి.

ఈ ఇంతే సంగతి ఎంత పెద్దదో నాకు తెలిసింది సింహాచలం సంపెంగలతో. కొండ దగ్గర బుట్టల్లో అమ్మేవి కొన్ని తెచ్చి, వైజాగ్ చినవాల్తేరులో మా ఇంటి బాల్కనీలో గ్లాసులో పెట్టాను. సంపెంగ రేకని వేలితో ముట్టుకుంటే చాలు, కాసేపటికి అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది, అందుకని పని తొందరగా కావాలి. పైగా మా బాల్కనీలో సముద్రపు గాలి ఒక్క క్షణం ఆగదు. స్విచ్చు దగ్గరి రేంజిలో పెట్టగానే లెన్సు బుద్ధిగా పువ్వు దగ్గరే ఉండిపోయింది. రేకుల మధ్య నిలబడిన చిన్న కాడ, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ అమరిన లేతాకుపచ్చ అండాశయాలు, కింద గుత్తిగా కేసరాలు. చిన్నప్పటి నుంచి జడలో పెట్టుకున్న పువ్వే, లోపల ఇంత కథ ఉందని ఆరోజే చూశాను. అసలు సైజులో, అంటే 1:1లో తీసేటప్పుడు లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్/8 దగ్గర పెట్టినా స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మందమే. ఆ మిల్లీమీటరు కోసం లెన్సు ఊరంతా తిరగకుండా ఉండటమే మహాభాగ్యం.

తర్వాత ఆసియాలో పూల కోసం ఎక్కడికి వెళ్లినా ఇదే నా వెంట వచ్చింది. సింగపూర్ గురించి త్వరగా చెప్పేస్తాను, అక్కడ ఫొటోలు తీయడం కష్టమే కాదు. 1859లో మొదలైన బొటానిక్ గార్డెన్స్‌కి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లోపలి ఆర్కిడ్ గార్డెన్‌లో ప్రతి మొక్కా ఫొటో కోసమే నిలబడ్డట్టు ఉంటుంది. 1981లో ఆ దేశం జాతీయ పుష్పంగా ఎంచుకున్న వాండా మిస్ జోక్విమ్ అనే ఆర్కిడ్ నిలువు కాడల మీద ఛాతీ ఎత్తులో పూస్తుంది, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్లకు వరం. ఇబ్బంది పెట్టేది ఒక్కటే, గార్డెన్స్ బై ద బే లోని క్లౌడ్ ఫారెస్ట్ అనే అద్దాల తోట. లోపల చల్లగా ఉంటుంది, బయట మన వైజాగ్ మే నెల. బయటికి రాగానే లెన్సు అద్దం మీద తెల్లగా ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు జిప్పు తీయకుండా ఓ పావుగంట కూర్చోవాలి. ఏసీ గదిలోంచి ఆర్.కె. బీచికి కెమెరాతో వెళ్లేవాళ్లకు ఇది కొత్త కాదు.

స్విచ్చు మీద నా ప్రేమ నెత్తికెక్కింది మాత్రం బ్యాంకాక్‌లో. పాక్ క్లోంగ్ తలాత్ అని పూల మార్కెట్ ఉంది, రాత్రంతా జరుగుతుంది. మన వైజాగ్ పూర్ణా మార్కెట్ చూసినవాళ్లకు అక్కడి బంతిపూల గుట్టలు ఆశ్చర్యం కాదు గానీ, తామర మొగ్గల రేకుల్ని ఒక్కొక్కటే లోపలికి మడిచే ఆ వేళ్ల వేగం చూసి తీరాలి. దగ్గరి రేంజిలో వేళ్లూ రేకులూ తీసి, బొటనవేలితో స్విచ్చు అటు నెట్టి వీధి తీసేదాన్ని. కన్ను వ్యూఫైండర్ లోంచి తియ్యాల్సిన పనే లేదు. మర్నాడు నది అవతల వాట్ అరుణ్ గుడి. గోపురం నిండా పూలే, కానీ పింగాణీ ముక్కలు అతికించి చేసిన పూలు. చైనా నుంచి వచ్చిన పడవల్లో బరువు కోసం వేసుకొచ్చిన పింగాణీ అట. దూరం నుంచి గోపురం, దగ్గరికెళ్లి పగిలిన కప్పు అంచుతో చేసిన ఒక రేకు. ఒకే లెన్సు, ఒకే స్విచ్చు. ఆ రాత్రి హోటల్ గదిలో ఫొటోలు చూసుకుంటూ, ఇక జూమ్ లెన్సు మోయడం దండగ అని తీర్మానించేశాను.

ఆ తీర్మానంతోనే శ్రీలంక వెళ్లాం, నేనూ మా అక్కా. కాండీ పక్కన పెరదెనియా తోట. అక్కడ 1901లో ఐదో జార్జి, అప్పటికింకా యువరాజు, నాటిన నాగమల్లి చెట్టు ఉంది. దక్షిణ అమెరికా చెట్టయినా మన గుళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. పూలు కొమ్మల చివర కాదు, మానుకే పుట్టిన కాడల మీద పూస్తాయి. పువ్వు మధ్యలో కేసరాలు ఒక రింగుగా ఉంటాయి, వాటి మీదికి మందపాటి పడగ వంగి ఉంటుంది. పడగ అంచున గులాబీ, పసుపు కుచ్చులు. మనవాళ్లు దాన్ని శివలింగం మీద నాగపడగగా చూస్తారు. అది మనసారా తీసుకున్నాను. తర్వాత లేచి, చెట్టు మొత్తం తీద్దామని స్విచ్చు దూరపు రేంజికి నెట్టాను. లెన్సు కదల్లేదు. ఫుల్‌కి నెట్టాను. అదే మొండితనం. అర మీటరు దాటి ఏదీ దానికి కనబడటం లేదు. బ్యాటరీ తీసి పెట్టాను, లెన్సు విప్పి బిగించాను, లెన్సు కెమెరాకి బిగిసే చోట (మౌంట్) ఉన్న బంగారు చుక్కల్ని పొడి గుడ్డతో తుడిచాను. స్విచ్చు ఎటు జరిపినా లెన్సు మాత్రం తాను దగ్గరి రేంజిలోనే ఉన్నాననుకుంటోంది.

మాన్యువల్ ఫోకస్ ఉంది కదా అనొచ్చు. ఉంది. కానీ ఈ లెన్సు ఫోకస్ రింగు నేరుగా అద్దాల్ని కదపదు, మోటారుకి చెబుతుంది, మోటారు కదుపుతుంది. అందుకని ఎంత తిప్పినా ఎక్కడా ఆగదు, ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరం) ఇక్కడ అని ఒక గీతా లేదు. దగ్గరి పువ్వుకి మాన్యువల్ హాయిగానే ఉంటుంది, కెమెరా ముందుకీ వెనక్కీ ఊపుకుంటూ తీయొచ్చు. దూరంగా ఉన్న కొండకి, మధ్యాహ్నపు ఎండలో, కళ్లజోడు మీద చెమట కారుతుంటే ఊపిరి తీసేస్తుంది. తర్వాత వెళ్లిన సిగిరియాలో ఆ పెద్ద కొండరాయి ఎదురుగా ఠీవిగా నిలబడి ఉంది, నా ఫొటోల్లో మాత్రం మెత్తగా, అరగంట నానిన అటుకులకి కాస్త మెరుగన్నట్టు వచ్చింది. పైనున్న కుడ్యచిత్రాలకి ఎలాగూ కెమెరా ఎత్తనివ్వరు, కాబట్టి అక్కడ నాకూ మిగతావాళ్లకూ తేడా లేకపోయింది.

దాంతో ఆ ప్రయాణంలో నేను తీసినవన్నీ అర మీటరు లోపలివే. కాండీ దంత దేవాలయంలో భక్తులు తెచ్చి పరిచిన నీలికలువలు (ఆ దేశపు జాతీయ పుష్పం అదే), టీ మొక్కల తెల్లటి పూలు, గేటు పక్కన ఎవరో పడేసిన గన్నేరు. మా అక్క వెనక్కి వచ్చేటప్పుడు విమానంలో కెమెరా తీసుకుని అన్నీ చూసి, "ఏటే, కాండీ ఏదే? అన్నీ కాడలూ కేసరాలేనా? ఊరు చూడ్డానికి ఎల్లామా, పువ్వుల పెళ్లికి ఎల్లామా?" అంది. నిజం చెప్పొద్దూ, ఆ నీలికలువలంత మంచి ఫొటోలు నా దగ్గర ఇంకేవీ లేవు. దూరం పోయే దారి మూసుకుపోతే ఉన్న చోటే తవ్వుకోవాల్సి వచ్చింది. అలాగని ఆ చెడిపోవడాన్ని మెచ్చుకునేంత మంచిదాన్ని కాదు నేను, సిగిరియా పోయిన కోపం ఇంకా ఉంది.

ఇంటికొచ్చాక సర్వీస్ సెంటర్‌కి పంపాను. బ్యారెల్ అసెంబ్లీ, అంటే లెన్సు గొట్టం భాగం మొత్తం మార్చాలన్నారు. చెప్పిన మొత్తానికి ఇంకాస్త వేస్తే సెకండ్‌హ్యాండ్‌లో ఇదే లెన్సు ఇంకోటి వచ్చేస్తుంది. వద్దని వెనక్కి తెప్పించుకుని, డాబాగార్డెన్స్ వైపు ఒక చిన్న రిపేరు కొట్టుకి తీసుకెళ్లాను. ఆయన చూస్తూనే అడిగిన మొదటి మాట, "ఇల్లు బీచికి దగ్గరా అమ్మా?" అని. స్విచ్చు పలక విప్పి, కింద ఉన్న సన్నటి రాగి రేకుని భూతద్దంలో చూపించాడు. ఒక కొసన పచ్చటి చిలుం. ఉప్పుగాలి పని. బాల్కనీ గ్రిల్లునీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌నీ తినేసినట్టే దీన్నీ తినడం మొదలుపెట్టిందన్నమాట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాడు, రేకుని కాస్త పైకి వంచాడు, బిగించాడు. పనిచేసింది. లెన్సుకి వెదర్ సీలింగ్ (తడి లోపలికి పోకుండా కట్టుదిట్టం) ఉందని కంపెనీలు రాస్తాయి కదా అన్నాను. అది చినుకులకమ్మా, రోజూ పీల్చే గాలికి కాదు అన్నాడు. లోపలి అద్దాలు టార్చి వేసి చూసి, ఫంగస్ ఇంకా రాలేదు, ఈ వానాకాలం ఇలాగే బీరువాలో పెడితే వస్తుందని కూడా చెప్పాడు.

అప్పటి నుంచి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుతున్నాను, పక్కన తేమ చూపించే చిన్న మీటరు. నలభై, యాభై శాతం మధ్య ఉండేలా చూసుకుంటాను. జెల్ నీలం నుంచి గులాబీకి మారితే పాత పెనం మీద వేడి చేసి మళ్లీ వేస్తాను. వైజాగ్‌లో జూన్ నుంచి నవంబరు దాకా ఈ పని తరచూ తప్పదు.

స్విచ్చు విషయంలో పైన రాసిన పొగడ్తల్ని కొంచెం తగ్గించుకోవాలి. నాగమల్లి లాంటి లోతున్న పువ్వుకి అది సాయం చేయదు, పడగా రింగూ రెండూ అర మీటరు లోపలే ఉంటాయి కాబట్టి ఫోకస్ వాటి మధ్య ఊగుతూనే ఉంటుంది, అక్కడ మాన్యువలే గతి. బ్యాగులో రాసుకుని దానంతట అదే జరిగిపోతుంది, తెల్లారే అరకు రైలెక్కి కిటికీలోంచి వలిసె పూల పొలం తీద్దామంటే దగ్గరి రేంజిలో ఉంటుంది. ఇప్పుడు దాని మీద చిన్న టేపు ముక్క అంటించాను, ఇంత పొగిడిన స్విచ్చుకి టేపు వేయడం ఏమిటంటే నా దగ్గర జవాబు లేదు. కొత్త కెమెరాల్లో ఫోకస్ ఎలాగూ బాగా తెలివి మీరింది, వాటితో వాడేవాళ్లకు దీని అవసరం నాకున్నంత ఉండకపోవచ్చు కూడా.

కొనొచ్చా అంటే, నేనైతే మళ్లీ కొంటాను. నాకు పువ్వు ముఖ్యం, ఊరు తర్వాత. సెలవుల్లో నిదానంగా తిరుగుతాను, ఒక చెట్టు కింద గంట కూర్చున్నా విసుక్కునేవాళ్లు పక్కన లేకపోతే చాలు. సముద్రానికి దూరంగా ఉండేవాళ్లకు ఈ చిలుం గొడవే రాకపోవచ్చు. టూర్ బస్సులో పిల్లాపాపలతో వెళ్లి ప్రతిచోటా పది నిమిషాలు ఆగేవాళ్లకు మాత్రం ఇదొక్కటే లెన్సుగా నేను చెప్పను. నేను కూడా అక్కతో వెళ్లేటప్పుడు ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని వెళ్తున్నాను, కొండలూ గోపురాలూ అందులోనే.