బటర్‌నట్ సూప్, పైన ఎండుమిరప సాస్: ఆరేళ్ళు వండాక

మాసచూసెట్స్‌లో ఆకులు రంగు తిరిగే రోజులకి పొలాల పక్క దుకాణాల్లో బటర్‌నట్ స్క్వాష్ గుట్టలుగా పోస్తారు. పొడుగు మెడ, కింద బుడ్డ, లేత గోధుమరంగు తొక్క. బాగా పేరున్న వాల్థమ్ బటర్‌నట్ రకానికి ఆ పేరు ఇక్కడి ఊరి నుంచే వచ్చింది. రుచికి మన తియ్యగుమ్మడి తోబుట్టువే అనుకోండి. ఆరేళ్ళుగా ఏటా దీనితో సూప్ చేస్తున్నాను.

మొదటిసారి పచ్చికాయకి చెక్కు తీసి, ముక్కలు కోసి ఉడకబెట్టాను. దాని జిగురు చేతికంటి, ఆరాక చర్మం బిగుసుకుపోయి, రెండ్రోజులు పొలుసులు లేచాయి. అంత కష్టపడితే వచ్చింది తియ్యటి నీళ్ళు. ఇప్పుడు చెక్కు ఊసే ఎత్తను. కాయని నిలువునా రెండు చెక్కలు చేసి, గింజలు తీసేసి, నూనె రాసి, కోసిన వైపు కిందికి బోర్లించి ఓవెన్‌లో పెడతాను. 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ముప్పావు గంట. పక్కనే రెండు ఉల్లిపాయలు. చల్లారాక గరిటెతో గీరితే గుజ్జు ఊడొస్తుంది. కాస్త నల్లబడిన అంచులు పారెయ్యకండి, అసలు రుచంతా అక్కడే.

రెండో ఏడు పొగలు కక్కుతున్న సూప్‌ని మిక్సీలో పోసి మూత బిగించాను. ఆవిరికి మూత ఎగిరి సీలింగ్ దాకా పసుప్పచ్చటి సూపే! మర్నాడే హ్యాండ్ బ్లెండర్ కొన్నాం. అది గిన్నెలోనే తిప్పేస్తుంది, కడగడం కూడా తేలిక.

ఇంత చేసినా ఏదో వెలితి. యాపిల్ వేశాను, మరీ తీపెక్కింది. క్రీమ్ వేస్తే బరువు తప్ప రుచి పెరగలేదు. మిరియాలపొడి దంచి పోశాను, గొంతు మండింది గానీ తీపి విరగలేదు. ఆ చలికాలం మా అత్తయ్యగారు వచ్చి రెండు చెంచాలు తాగి, "ఇది చంటిపిల్లల గుజ్జులా ఉందమ్మా. గుమ్మడికి పులుపు తగలకపోతే ఎట్లా?" అన్నారు. దప్పళం తిని పెరిగినదాన్ని, నాకు తట్టనేలేదు.

అప్పటి నుంచి సాస్ ఇదీ: పది ఎండుమిరపకాయలు (సగం గుంటూరువి, సగం రంగు కోసం బ్యాడిగివి), ఉసిరికాయంత చింతపండు వేడినీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, ఉప్పుతో మెత్తగా రుబ్బుతాను. నాలుగు చెంచాల నువ్వులనూనెలో సన్నసెగ మీద, నూనె పైకి తేలేదాకా మగ్గిస్తాను. గాజుసీసాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు మాకు ఢోకా లేదు. దీన్ని సూప్‌లో కలిపెయ్యకూడదు. గిన్నెలో పోశాక పైన చెంచాడు వేసుకుని, తాగుతూ అంచుల నుంచి కలుపుకోవాలి. అప్పుడే ఒక గుటక కమ్మగా, ఇంకో గుటక చురుక్కుమంటూ ఉంటుంది.

లోపాలా? గంటన్నర పని, కాబట్టి వారం మధ్యలో కుదరదు. కోసి అమ్మే ముక్కలతో రెండుసార్లు చేశాను, ఎండిపోయి పీచుగా వచ్చింది. ఫ్రీజర్‌లో పెట్టిన సూప్ కరిగాక నీరు విడుస్తుంది, మళ్ళీ బ్లెండర్ తిప్పాల్సిందే.

ఈ ఏడు సాస్ రెండింతలు చేశాను. మా ఆయన సగం సీసా దోసెల్లోకే లాగించేశారు.