మూడు చుక్కల వెనుక ఏం దాచాం: 80/20 సూత్రంతో ఎనిమిదేళ్లు

80/20 సూత్రాన్ని ఎనిమిదేళ్లుగా యాప్‌ల డిజైన్‌లో వాడుతున్నాను. నక్షత్రాలు ఇవ్వమంటే ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నర ఎందుకో తొందరగానే చెప్పేస్తాను. కోత పడిన ఒకటిన్నర గురించి చెప్పాలంటే మాత్రం ఖమ్మంలో ఒక మందుల దుకాణం దాకా వెళ్లాలి.

ముందు సూత్రం సంగతి. ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరేటో పందొమ్మిదో శతాబ్దం చివర్లో సంపద కొద్దిమంది చేతుల్లోనే పోగుపడుతోందని లెక్కలు కట్టి చూపించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు జోసెఫ్ జురాన్ ఆ ఆలోచనను ఫ్యాక్టరీల్లో నాణ్యత సమస్యలకు అన్వయించి, దానికి పరేటో పేరు పెట్టాడు. చాలా లోపాలు కొద్ది కారణాల నుంచే పుడతాయి, ముందు వాటి పని పట్టండి అన్నది జురాన్ మాట. మా డిజైనర్లు దాన్ని ఇలా మార్చుకున్నారు: జనం ఎక్కువ పనులు (సుమారు 80 శాతం) కొద్ది ఫీచర్లతోనే (సుమారు 20 శాతం) కానిచ్చేస్తారు, కాబట్టి వాటిని ముందుకు తెండి. (80కి 20 కలిపితే వంద కావడం వల్ల ఇదేదో పంపకం లెక్కలా కనిపిస్తుంది. కాదు. ఒకటి పనుల వాటా, రెండోది ఫీచర్ల వాటా. 70, 10 అయినా సూత్రం సూత్రమే.)

నేను దీన్ని మొదట వాడింది మందుల దుకాణాల బిల్లింగ్ యాప్‌కు. హోమ్ స్క్రీన్ మీద 23 బటన్లు ఉండేవి. ఒక్కో బటన్ వెనుక ఒక్కో మేనేజర్ ఉండేవారు. ఎవరి గొంతు పెద్దదైతే వారి బటన్ పైకి వచ్చేది. మూడు నెలల వాడకం లెక్కలు తీసి, ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పక్కన మొత్తాలు కూడుకుంటూ వెళ్లాను. ఎక్సెల్‌లో 2016 వెర్షన్ నుంచి ఇందుకు ప్రత్యేకంగా చార్టే ఉంది. కొత్త బిల్లు, స్టాకు వెతకడం, బాకీలు, కొనుగోళ్లు. ఈ నాలుగు గీతలూ ఎక్కడికో పైకి వెళ్లిపోయాయి, మిగతావన్నీ అడుగున నేలబారుగా పడి ఉన్నాయి. ఆ బొమ్మను గోడ మీద వేసి చూపించాక గదిలో వాదన ఆగిపోయింది. నాలుగు బటన్లు పెద్దవయ్యాయి. చీటీ పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి బిల్లు చకచకా వచ్చింది. దుకాణదారులు మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

బగ్గుల (ప్రోగ్రాములో దొర్లే లోపాల) విషయంలోనూ సూత్రం బాగా పనిచేసింది. 2002లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ ఖాతాదారులకు రాసిన లేఖలో, సుమారు 20 శాతం బగ్గులే 80 శాతం పొరపాట్లకు కారణమని చెప్పాడు. మా చిన్న యాప్‌లోనూ కథ దాదాపు అదే. అక్కడ ఈ సూత్రానికి ఐదుకు ఐదు ఇస్తాను.

చిక్కంతా మిగతా 19 బటన్ల దగ్గర వచ్చింది. వాటిని పై మూలనున్న మూడు చుక్కల వెనక్కి, అక్కడి నుంచి ‘మరిన్ని’ అనే ఇంకో మెనూలోకి నెట్టేశాను. వాటిలో ‘వాపసు’ ఒకటి. గడువు తీరిన మందులను స్టాకిస్టుకు, అంటే దుకాణాలకు మందులు సరఫరా చేసే టోకు వ్యాపారికి, తిప్పి పంపేటప్పుడు బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు ఎక్కించేది అక్కడే. నా పట్టికలో అది అడుగు నుంచి మూడోది.

ఆరు నెలల తర్వాత ఖమ్మంలో ఆ దుకాణానికి వెళ్లాను. కంప్యూటర్ తెర అంచున అట్టముక్క లాంటి కాగితం అతికించి ఉంది. దాని మీద నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: ‘మూడు చుక్కలు – మరిన్ని – బాగా కిందికి – వాపసు. పాత బ్యాచ్ అయితే అబ్బాయికి ఫోన్ చేయి.’ రాసింది దుకాణదారు భార్య. అబ్బాయి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడట.

“ఎక్కువగా వాడరు కదండీ, అందుకే లోపల పెట్టాం” అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. “అమ్మా, బిల్లు కొట్టడం నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది. రోజుకు వంద కొడతాను. మీరు దాన్ని ఎక్కడ పెట్టినా వేలే వెతుక్కుంటూ వెళుతుంది. మూడు నెలలకోసారి చేసేదే మరిచిపోతాను. దానికే నాకు దారి కావాలి” అన్నారు. ఆపైన ఒక అట్టపెట్టె తెరిచి చూపించారు. తిప్పి పంపాల్సిన సిరప్పులు, మాత్రల అట్టలు. స్టాకిస్టు పెట్టిన గడువు దాటిపోయి, క్రెడిట్ నోట్ (వాటి డబ్బు ఖాతాలో జమ చేసినట్టు ఇచ్చే చీటీ) రాకుండా మిగిలిపోయినవి.

నా పట్టికలో ఆ పెట్టెకు గడి లేదు. ఎన్నిసార్లు నొక్కారన్నదే లెక్కపెట్టాను. నొక్కలేకపోయినప్పుడు ఎంత పోయిందో లెక్కపెట్టలేదు.

వెనక్కి వచ్చి మిగతావాటిని మళ్లీ చూశాను. జీఎస్టీ నివేదికదీ అదే కథ. నెలనెలా లెక్కలు దాఖలు చేసేవారు జీఎస్టీఆర్-1ను (అమ్మకాల వివరాల పత్రాన్ని) మరుసటి నెల 11వ తేదీలోగా ఇవ్వాలి. అంటే ఒక దుకాణదారు ఆ నివేదికను నెలకు ఒకటి రెండుసార్లే తెరుస్తాడు. బిల్లుల పక్కన పెడితే ఆ గీత కంటికి ఆనదు. పదో తేదీ రాత్రి అది దొరక్కపోతే మాత్రం అతనికి యాప్ మొత్తం దండగే.

ఇక తెలుగు సంగతి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా యాప్‌లో భాష మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఉండేది. ఆ సెట్టింగులు ఇంగ్లిష్‌లో ఉండేవి. ఇంగ్లిష్ రానివారు ఇంగ్లిష్ మెనూలు దాటుకుంటూ వెళ్లి తెలుగును పట్టుకోవాలన్నమాట. పట్టికలో తెలుగు ఎక్కడో అట్టడుగున తేలింది. ‘ఎవరూ వాడటం లేదు, అనువాదాలు ఆపేద్దాం’ అన్నారు సమావేశంలో. తల ఊపినవారిలో నేనూ ఉన్నాను. దాచిపెట్టినదాన్ని ఎవరూ వాడరు, వాడలేదని ఇంకా లోపలికి తోస్తాం. తర్వాత మొదటి తెర మీదే తెలుగు అక్షరాల్లో ‘తెలుగు’ అని రాసి ఒక బటన్ పెట్టాం. మరుసటి నెల పట్టికలో తెలుగు వరుస కోసం కిందిదాకా వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

వర్డ్ 2003 వాడకం మీద మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు 2006లో బయటపెట్టిన అంకెలు నాకు ఆ రోజుల్లోనే కంటబడ్డాయి. పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ ఈ ఐదూ కలిపితే మొత్తం ఆదేశాల వాడకంలో సుమారు 32 శాతం. మొదటిసారి చదివినప్పుడు ‘ఐదు బటన్లతో మూడో వంతు పని!’ అనుకున్నాను. ఖమ్మం నుంచి వచ్చాక అదే అంకెను చూస్తే, మిగిలిన మూడింట రెండు వంతులు ఎన్ని వందల చోట్ల చెదిరి ఉందోనన్న ధ్యాస వచ్చింది. నా 20 శాతం, పక్కవారి 20 శాతం ఒకటే కావాలని ఎక్కడా లేదు. జురాన్ కూడా మొదట్లో ఆ మిగతావాటిని ‘అల్పమైన అనేకం’ అన్నాడు, తర్వాత దాన్ని దిద్దుకుని ‘ఉపయోగపడే అనేకం’ అన్నాడు. ఆ దిద్దుబాటు నా దాకా చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

సూత్రాన్ని వదిలేయలేదు. ఏది ముందు పెట్టాలో తేల్చడానికి ఇప్పటికీ అదే వాడతాను. ఏది తీసేయాలో తేల్చడానికి మాత్రం వాడను. మూడు నెలల లెక్క బదులు ఏడాది లెక్క తీస్తాను. నొక్కుల సంఖ్య పక్కన ‘దొరక్కపోతే ఏమవుతుంది’ అని ఇంకో గడి పెట్టుకున్నాను. అందులో అంకెలు ఉండవు, దుకాణాల్లో విన్న మాటలే ఉంటాయి. మేనేజర్లకు ఆ గడి నచ్చదు, దాన్ని చార్టుగా గీయడం కుదరదు కదా. కొత్తగా చేరిన డిజైనర్లకైతే ఈ సూత్రాన్ని ధైర్యంగా చెబుతాను. మొదటి పట్టిక తయారైన రోజే దాన్ని పట్టుకుని ఒక దుకాణానికి వెళ్లి కూర్చోమని కూడా చెబుతాను.

వాపసు బటన్ ఇప్పుడు స్టాకు తెర మీదే, గడువు దగ్గరపడిన మందుల పక్కనే కనిపిస్తుంది. పోయిన నెల మళ్లీ ఖమ్మం వెళ్లాను. తెర అంచున పాత కాగితం లేదు, జిగురు మరక మిగిలింది. దాని పక్కన అదే నీలం సిరాతో ఇంకో కాగితం ఉంది: ‘ప్రింటర్ మార్చాలంటే – మూడు చుక్కలు – సెట్టింగులు – కింది నుంచి నాలుగోది.’ ఫొటో తీసుకుని వచ్చాను.